ఒకే వరుస ఉన్న గుంపు

చిత్తూరు, గ్రీమ్స్‌పేటలో మేడమీది గది.
ఫ్యాను గాలికి రెపరెపలాడే పాల రసీదులు
తెర మీద మాత్రం కదలవు:
పదకొండు వేల నాలుగొందల వరుసలు,
తేదీ, పూట, ఊరు, పోసిన మనిషి, లీటర్లు, వెన్న శాతం.

ఊరివారీగా కట్టలు కట్టమన్నాను ఆర్‌లో.
రెప్పపాటులో ఐరాల ఒక మూట, పెనుమూరు ఒక మూట.
యాదమరిలో అరవయ్యారు ఇళ్ళ పొదుగుల్ని
ఒక్క అంకెలోకి పితికేశాను:
నాలుగు పాయింట్ రెండు.
ఏ ఇంట్లోనూ పితకని పాలు అవి,
ఏ చెంబులోనూ నురగ కట్టనివి.

ఖాళీ గడులు వదిలెయ్యమన్నాను. వదిలేసింది.
వాటిలో ఒకటి, దూడ చచ్చిన పూట.

అట్టడుగున ఒక గుంపు. వరుస ఒకటే.
ఊరు నక్కలమిట్ట, పేరు మొగిలమ్మ,
వెన్న అయిదు పాయింట్ ఒకటి.
సగటూ అదే, గరిష్ఠమూ అదే, కనిష్ఠమూ అదే.
విచలనం ఎంతని అడిగితే
ఎన్‌ఏ అంది యంత్రం.
ఒంటరిదానికి తేడా ఎవరితో కొలవాలి?

ఏజెంటు దామోదరానికి ఫోన్ చేశాను.
"ఆయమ్మా? ఒగ దినమే వచ్చినాదన్నా,
క్యాను నెత్తిన పెట్టుకోని.
మళ్ళా కనపళ్ళేదు."

"పదికి తక్కువుంటే ఇతరుల్లో కలిపెయ్,
కాగితం ఒక్క పేజీ దాటకూడదు"
మేనేజరు అప్పుడే రెండోసారి తలుపు దగ్గర.

కలిపేశాను.
ఇతరుల సగటు
రెండో దశాంశం దాకా తొణకలేదు.
మూడో స్థానంలో
కొంచెం ఒలికింది.
అచ్చువేసిన కాగితంలో
ఆ స్థానం లేదు.