బోర్డు లేని స్టాపు

తెల్లారగట్ల అయిదుంబావు బండి,
హన్మకొండ నుంచి పరకాల.
ఇంజను ఇంకా వేడెక్కలేదు,
నా కడుపు అప్పటికే రెండు ట్రిప్పులు కొట్టింది.

ముందుగాల డీజిల్ వాసన,
తర్వాత ఎవరి తలకో పెట్టిన ఆముదం,
ఎనుమాముల మార్కెట్ల ఖాళీ చేసిన మిర్చి గోనెలు,
ఆత్మకూరు కాడ ఎక్కే చేపల గంప.
మొన్నటిదాంక వీటికి లగేజీ కొట్టేదాన్ని,
ఇప్పుడు పేరు యాదికొస్తేనే
నోట్లె ఉప్పునీళ్ళు ఊరుతున్నయి.

మూడో నెల దాటితే పోతయన్నది అత్త కొంరవ్వ.
దాటింది.
నాలుగు పడ్డంక తగ్గుతయన్నది నర్సమ్మ.
పడ్డది.
నాలుగు కిలోలు తగ్గిన.
కడుపు పెరగాల్సిన దినాలల్ల
యూనిఫాం నడుముకు పిన్నీసు పెట్టుకున్న.

అటుకులు తింటే అటుకులు,
గంజి తాగితే గంజి,
ఏం తినకుంటే పచ్చటి పసరు.
ఆఖరికి మందుగోళీ గూడ
చినిగిన నోటు లెక్క వాపసొచ్చింది.

రాత్రి రెండింటికి బాత్రూం గడపల
నా వీపు మీద చెయ్యేసి కూసుంటడు తిరుపతి.
ఏమనాల్నో తెల్వక "నీళ్ళు తాగుతవా" అంటడు.
నీళ్ళ పేరెత్తకంట.
ఇంట్ల పోపు బందయింది.
మూడు నెలల సంది పోపు లేని పప్పు తింటున్నడు,
ఒక్క మాటనకుంట.

డిపోల అడిగిన, కూసునే పనేదన్న ఇయ్యమని.
"ఖాళీల్లేవమ్మా, మా ఇంట్ల ముగ్గురయినరు, ఇట్లనే ఉంటది"
అన్నడు క్లర్కు,
ముగ్గుర్నీ ఆయనే మోసినట్టు.

డ్రైవరు ఐలన్న ఏమడుగలే.
మొదటి వారం నేనే బెల్లు కొట్టి దిగిన,
ఆత్మకూరు దాటినంక, పత్తి చేను అంచుకు,
సగం విరిగిన కిలోమీటరు రాయి పక్కన.
రెండో వారం నుంచి బెల్లక్కెరలేదు,
ఆ రాయి కాడ బండి దానంతటదే మెల్లగయితది.
ఐలన్న అద్దంల జూడడు.
రోడ్డవుతలి పొలం దిక్కు జూస్తడు,
అక్కడ తనకేదో లెక్క తేల్చుకునేదున్నట్టు.

బండ్లె నలభై మంది సప్పుడు చెయ్యరు.
ఒకామె కిటికీలకెల్లి నిమ్మాకు అందిస్తది.
ఒకామె కొంగుముడి ఇప్పి ఉసిరి ఒరుగు తీసి
"బుగ్గన పెట్టుకో, నమలకు" అంటది.
ఎవడో పోరడు ఫోను లేపితే
వాని చెయ్యి మీద ఒక్కటేసింది
కైకిలికి పోయే రాజవ్వ.
అందరియీ జీరో టికెట్లే.
మిషిన్ల సున్న పడితే ఏం లేదని గాదు,
ఒక మనిషి ఎక్కిందని లెక్క.
రోజుకు రెండొందలు కొడుతున్న,
మోకాళ్ళ మీద చేతులు పెట్టి
ఆ చేను అంచున వంగినప్పుడు గని తట్టలే.

ఒకనాడు ముసలాయన ఒకడెక్కిండు,
పది రూపాయలు నా చేతిల పెట్టి
"కండక్టరమ్మ కక్కే కాడికి ఒకటి" అన్నడు.
బండంత నవ్వింది.
నేనూ నవ్విన.
నవ్వినందుకు మళ్ళొచ్చింది.
ఆయన చేను అక్కడ్నేనట,
ఇన్నేండ్లు ముందు స్టాపుల దిగి ఎనుకకు నడిచేటోడట.
ఇప్పుడు పొద్దుగాల ముగ్గురు దిగుతున్నరు,
సద్దిగిన్నెలు పట్టుకొని.

ఇయ్యాల రాయొచ్చింది.
బండాగింది.
రాడ్డు పట్టుకొని మెట్టు మీద నిలబడ్డ.
ఏం రాలే.
డీజిలున్నది, చేపల గంపున్నది,
నోరు మాత్రం ఉత్తగున్నది.

పోవాలె పోవాలె అని ఎన్ని మొక్కులు మొక్కిన,
పోంగనే గుండెల దడ.
ఉన్నవా, అన్న లోపలికి.
ఒక్కసారి కక్కించు,
ఈ పూటకు ఒక్కసారి.
మంగళవారం గని స్కానింగు లేదు.

ఐలన్న మొట్టమొదటిసారి అద్దంల జూసిండు.
ముగ్గురు దిగి చేన్లల్లకు నడిచిండ్రు.
ఎనుక సీట్ల ఎవరో గిన్నె మూత తీసినట్టున్నరు,
ఎల్లిపాయ కారం, వేడి జొన్నరొట్టె.
నా కడుపుల ఏదో గుర్రుమన్నది.
ఆకలని గుర్తుపట్టనీకి కొంచెం సేపు పట్టింది.

"ఒక్క ముక్క తింటవా బిడ్డా" అన్నది రాజవ్వ.
ముందుగాల రైట్ చెప్పిన.
తర్వాత తిన్న.