ఎన్నింటికి పడుకుంటారు?

మొదటి తెర మీద ఒకటే ప్రశ్న పెట్టాను:
"మీరు రోజూ ఎన్నింటికి పడుకుంటారు?"
కింద గుండ్రటి గడియారం.
వేలితో తిప్పితే చంద్రుడు కదులుతాడు.
ఆ చంద్రుడికి నాకు నాలుగు రోజులు పట్టింది.
బెంగళూరు క్లయింటు చూసి, ముద్దుగా ఉన్నాడన్నాడు.

లీలామహల్ సర్కిల్ దగ్గర
టీ అంగడి మీద మూడో అంతస్తు మా ఆఫీసు.
కిటికీలోంచి కొండదారి దీపాలు,
నల్లగుడ్డ మీద ఎవరో వదులుగా వేసిన కుట్టు.
తెల్లారేదాకా ఆ కుట్టు బిగవదు.
దేవుడికే కునుకు పట్టేలోపు మేలుకొలుపు పాడే ఊళ్ళో
నిద్ర నేర్పే యాప్ చేయడమంటే
చేపలంగట్లో కూర్చుని అగరొత్తులమ్మడమే.

సరే, ఫోను పట్టుకుని కిందికి దిగాను.

చెంగల్రాయుడు కొండమీద గుండ్లు గీస్తాడు.
గడియారాన్ని రెండు చుట్లు తిప్పి, చంద్రుణ్ణి దారిలోనే వదిలేసి
"ఏ వారం మేడమ్ మీరు అడగతా ఉండేది?
ఈ వారం పగులు. పోయిన వారం రాత్రి.
వచ్చే వారం చీటీ ఇంకా రాలా" అన్నాడు.
వేళ్ళు నానిపోయి ముడతలు పడున్నాయి,
తెర అతని వేలిముద్రను గుర్తు పట్టలేదు.
నా గడియారంలో గంటలున్నాయి, వారాలు లేవు.

మునిలక్ష్మి పూలు కడుతూనే చదివింది:
"పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టండి."
దారం పళ్ళమధ్య ఉండగానే నవ్వింది.
"పక్కన పెడితే, మల్లెల బండి వచ్చిందని
ఎవురు చెప్తారు పాపా? వాడు రెండున్నరకి చేస్తాడు ఫోను."
తర్వాతి తెరలో, మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దని రాసుంది.
ఆమె పక్కన గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది.
చల్లగా వెనక్కి నొక్కేశాను.

రెడ్డెప్ప ఒక్కడే వారమంతా నిజాయితీగా వాడాడు.
స్టేషన్ ఎదురు లాడ్జిలో రాత్రి కాపలా,
నిద్రపోతే జీతం కోసే ఉద్యోగం.
అయిదో రోజు మూడంతస్తులూ ఎక్కి వచ్చి
ఎర్రటి వలయంలో అంకె చూపించాడు, ముప్పైయెనిమిది.
"బళ్ళో లెక్కల్లో కూడా నాకింతే వచ్చేది మేడమ్.
ముప్పైయైదుకి పాసు గదా?"
"పాసే" అన్నాను.

ఆ రాత్రే మార్కులు తీసేశాను.
ఎరుపు కూడా.
"మార్కుల్లేకపోతే జనం మళ్ళీ ఎందుకు తెరుస్తారు?"
హేమకిరణ్ అడిగాడు, తప్పేమీ లేదు,
జీతాలు వచ్చేది తెరిచిన లెక్కమీదే.
నిద్రపోయినవాళ్ళు ఏదీ తెరవరు కదా
అందామనుకుని, ఆవలించి ఊరుకున్నాను.

రెండూ నలభైకి నా ఫోనే మోగింది:
"మీరు పడుకోవాల్సిన సమయం దాటి మూడు గంటలైంది."
ఆ వాక్యం నేనే రాశాను.
చదువుతుంటే, సెలవడిగినప్పుడు
మా పాత మేనేజరు గొంతులా ఉంది.

నడుచుకుంటూ స్టేషన్ దాకా పోయాను.
ప్లాట్‌ఫారమ్ మీద వరసగా గుండ్లు, చందనం ఎండి పొరలు లేస్తూ.
చెప్పులే తలగడ. బ్యాగు జిప్పు మీద ఒక తల్లి చెయ్యి.
మూడు భాషల్లో రైలు పేరు అరిచినా
ఆ చంటిది కదల్లేదు.
నా యాప్‌లో శ్వాస నేర్పే వలయం
నాలుగు క్షణాలు ఉబ్బి, నాలుగు క్షణాలు తగ్గుతుంది.
కాసేపు లెక్కపెట్టి చూశాను.
ఆ పిల్ల కడుపు నా లెక్కకి ఒక్కసారీ దొరకలేదు.

ఇప్పుడు మొదటి తెర మీద గడియారం లేదు.
"కాసేపు నడుం వాల్చడానికి వీలవుతుందా?"
అవును. లేదు.
లేదంటే ఏమీ చెప్పదు, మెల్లగా నల్లబడుతుంది.

చంద్రుడేడని క్లయింటు మెయిలు.
పొద్దున రాద్దాం.

రెడ్డెప్ప లేదు నొక్కాడు.
తెర ఆరిపోయింది.
"చార్జింగ్ అయిపోయినట్టుండాది మేడమ్"
అని ఫోను రిజిస్టరు మీద బోర్లా పెట్టి,
టార్చి తీసుకుని
రెండో అంతస్తుకి రౌండు పోయాడు.