శనివారం నకలు

ఎనుమాముల యార్డుల మా అడ్తి,
మూడో వరుస, హమాలీల నల్లా పక్కన.
లోపలికొస్తే ముందు తుమ్ము, తర్వాతే నమస్తే.
మిర్చి అంతే, దానికి మర్యాద తెల్వది.

ఐలోని తాత ముప్పై ఏండ్లు గుమస్తా.
నాకు కుర్చీ ఇడిసిపొయ్యేనాడు
ఆస్తి పంచినట్టు మూడు మాటలు పంచబోయిండు:
అంకె రాసి ఊకోకు, పక్కన గీత కొట్టు,
ఖాళీ జాగల సున్నాలు మొలుస్తయి.
తాళమేసినంక రెండుసార్లు గుంజు,
మొదటిది తాళం కోసం, రెండోది నీ నిద్ర కోసం.
మూడోది చెప్పబోతే దగ్గొచ్చింది,
ఆటో వచ్చింది,
తాత ఎక్కిపోయిండు.

తర్వాత కంప్యూటరొచ్చింది.
పాస్‌వర్డు షావుకారు గోడ క్యాలెండర్ మీద రాసిండు,
లక్ష్మీదేవి పాదాల కింద, ఎర్ర స్కెచ్చుతోని.
తాళంచెవి తాళానికే కట్టినట్టుంది సేటూ, అన్న.
నవ్విండు.
తెల్లారి ఆ కాగితం చింపి నేనే మార్చిన.
ఆయన అల్లుడు అడిగిండు, చెప్పలే.
చాయకు లేస్తే తెర మూసి లేస్త.
బ్యాంకు నుంచని తేనె పూసి మాట్లాడే గొంతుకు
రేపు నేనే బ్యాంకుకొస్తనని ఫోన్ పెట్టేస్త.
శనివారం శనివారం లెక్కలన్నిటి నకలు
అగ్గిపెట్టంత డబ్బాలకు ఎక్కించి
ఇంటికి తీస్కపోయి చింతపండు జాడీ ఎనక పెడ్త.
మా అత్తమ్మకు అదేందో తెల్వది,
అయినా రోజూ తుడుస్తది.

ఒక్క శనివారం మర్సిన.
బిడ్డకు జరం. అంతే, ఒక్కటే.

ఆ బుధవారం రాత్రి, ఎండకాలం నడిమిట్ల,
బస్తా కుట్టు తెగినట్టు ఆకాశం కురిసింది.
పొద్దున షట్టర్ ఎత్తితే మోకాటి లోతు ఎర్రనీళ్ళు.
కంప్యూటర్ను ఎత్తి వంచితే
అండ్లకెళ్ళి చపాట గింజలు రాలినయి.

జాడీ ఎనక పదేండ్ల లెక్క పదిలం.
లేనివి పదకొండు రోజులు,
పంతొమ్మిది మంది రైతులు.

నర్సంపేట బస్సెక్కిన.
గీసుగొండల కొమ్మాలు తక్‌పట్టీ తీసిండు,
మందుల దుకాణం కవర్ల చుట్టి, ఆధార్ కార్డు ఎనక దాసింది.
నల్లబెల్లిల ఒకాయనది దూలం సందుల.
పర్వతగిరి ముసలాయనది పాస్‌బుక్కు నడుమ,
"ఫోన్ల ఫోటో గూడ ఉన్నది బిడ్డా, మా మనుమడు తీసిండు."
నెలకింత జీతం తీసుకునే నేను
ఒక్క నకలు మర్సి ఆయన అరుగు మీద కూసున్న.
నీళ్ళిచ్చిండు. తాగిన.

సూరమ్మ కాగితం ఎలుక కొట్టింది.
ఆమె కండ్లు మూసుకొని చెప్పింది:
"నలభై ఒక్క బస్తా. మూడు తాలు.
నువ్వారోజు పచ్చచీర కట్టినవ్."
దడ్వాయి చిన్న బుక్కు తెరిపిచ్చి చూసిన.
నలభై ఒకటి. మూడు తాలు.
చీర సంగతి అండ్ల లేదుగని, అదీ నిజమే.

పద్దెనిమిది మందివి అణా పైసతో కలిసినయి.
ఒక్కటి రెండొందలు తేడా.
షావుకారు గొణుక్కుంటనే రైతు మాట రాయమన్నడు.
రాసి, పక్కన గీత కొట్టిన.

ఇప్పుడు డబ్బాలు రెండు.
ఒకటి జాడీ ఎనక, ఇంకోటి హన్మకొండల మా అక్కింట్ల.
ఒకే వాన రెండిండ్లకు రావద్దని కాదు,
వస్తే ఒకటన్న ఎత్తు మీద ఉండాలని.
నెలకోసారి తెరిచి చూస్త,
అన్నం ఉడికిందా అని మెతుకు పట్టుకున్నట్టు.

మొన్న ఐలోని తాతను చూడబోయిన.
కాశిబుగ్గల మనుమరాలింట్ల ఉన్నడు, చెవులు తగ్గినయి.
గట్టిగ అరిచి అడిగిన: తాతా, ఆ మూడోది ఏంది?
లెక్క ఒక్కచోటనే పెట్టకు అనబోయినవా?
చానసేపు యాది చేసుకున్నడు.
"కాదు పిల్లా,
మిర్చి పట్టిన చేత్తోని కన్ను నలుసుకోకు అనబోయిన."