ఏసీ మోత తియ్యకు

నిడో డబ్బా కౌంటర్ మీద బోర్లించిండు బుచ్చిలింగం.
రెండు క్యాసెట్లు, తొమ్మిది మెమరీ కార్డులు,
ఛార్జింగెక్కని ఒక నోకియా,
ఆఖరికి పిడికెడు ఇసుక.
"ఇరవై మూడేండ్ల పాటలు. ఒక్క తాన జెయ్యి."

షార్జా, సజ్జాల శనివారం రాత్రి.
బస్సులు మనుషుల్ని దించి వట్టిగ పోతున్నయి.
ఏండ్ల వారీగా పేర్చుదామన్న.
"ఏండ్లు నాకు యాదికుండయి తమ్మీ,
కంపెనీల వారీగా పెట్టు.
ఏ కంపెనీ బీరువాల నా పాస్‌పోర్టు ఉంటే
ఆ పాట దానిది."

మొదటిది పెయింట్ బకెట్ మీద.
ఇరవై ఎనిమిదేండ్ల గొంతు, నూనె రాసినట్టున్నది.
ఏజెంటు కడుపుల పడ్డ ఎనబై వేలను
నోటు నోటుకు పేరు వెట్టి పిలుస్తడు:
ఇది బర్రె, ఇది అవ్వ కడియం,
ఇది మిత్తి, ఇది మిత్తికి మిత్తి.

రెండో కంపెనీల గిటార్ వచ్చింది.
తుక్కు సంతల కొన్నది, నాలుగే తీగెలు.
రోడెల్ అని ఫిలిప్పీన్ వెల్డరు మూడు మెట్లు నేర్పిండట.
మూడు సాలయా అంటే
"తాపీ, మట్టం, తూకం గుండు.
మేస్త్రికి మూడే. బుర్జులు లేవలేదా?"
అక్కడి నుంచి పాట నడువది, ఉరుకుతది.
ఒగ్గు డోలు పోయి కరెంటు తీగెను ముట్టినట్టు.
ఫోను మైకు తట్టుకోలేక
ప్రతి చరణం కొసకు చిట్లుతది.

చిట్లుడు తగ్గిస్త, ఎనుక ఏసీ మోత తీసేస్త అన్న,
నా దగ్గర దానికి సాఫ్ట్‌వేరుంది.
చెయ్యి పట్టుకున్నడు.
"మోత తియ్యకు. రూముల పన్నెండు మందిమి.
పొద్దున నాల్గింటికి లేశెటోళ్లు పండుకున్నరు.
ఆ మోత సాటుకే పాడిన."

జీతాలు ఆపిన నాటి పాట నలభై నిమిషాలుంది.
అండ్ల సగం పాట కాదు, బూట్లు.
మూడు వందల జతలు, ఒక్క తాళం,
నడుమ ఎవరో నేపాలీల దగ్గుతడు,
ఆఖర్న జీపు తలుపు.
తర్వాత పద్నాలుగు నెలలు ఫైలే లేదు.
నేను అడుగలేదు.
అతను సిగరెట్‌కని బయటికి పోయిండు.

పెట్టె పాట ఒకటి ఐదు సార్లున్నది.
పల్లవిల మాటల్లేవు, కార్గో రసీదు నంబరు,
అంకె ఎనుక అంకె, గొంతు చించుకొని.
ఏది మంచిగ వచ్చిందో అదొక్కటి ఉంచుతన్న.
నా దిక్కు సూడలేదు.
"నంబర్లు ఇను."
ఇన్న.
ఐదూ వేరే వేరే.
ఐదూ పెట్టిన.

ఆరో కంపెనీల ఫోర్‌మన్ అయిండు.
అప్పటియి రెండే: ఒకటి పంటినొప్పి మీద,
ఒకటి అసలు అతనిది కాదు.
వేరే గొంతులు, పల్లెం మీద చెంచాలు,
'పాట మింగె లింగన్న, మా ఓటీ మింగె లింగన్న'
మీదికెళ్లి నవ్వులు.
ఇది తప్పి వచ్చినట్టుంది, తీసేద్దామా?
చానా సేపు గోడకున్న ఛార్జర్లు లెక్కవెట్టిండు.
"మింగిన. గంటలు కోసి రాసిన, రెండేండ్లు.
నా మీద కట్టింది నాది గాక ఎవనిది? పెట్టు.
పోరడు మంచిగ కట్టిండు,
తాళమే జర తప్పిండు."

అరవై ఒక్క పాట గోరంత కార్డుల పట్టింది,
ఇంకా జాగ మస్తు మిగిలింది.
పేరు రాద్దామంటే
మార్కరు మొనే కార్డంత ఉన్నది.
పదిహేను దిర్హాములు. వద్దన్న.
చిల్లరతో సహా లెక్కవెట్టి ముంగట వెట్టిండు.
"కూలి ఎగ్గొట్టద్దని గీ కార్డుల నలభై సార్లు మొత్తుకున్న.
తీస్కో."

ఆయన పోయినంక సూస్తే
డబ్బాల ఇసుక కౌంటర్ మీదనే ఉంది.
స్పీకర్ల రెండో కంపెనీ ఇంకా నడుస్తున్నది,
దరువు దరువుకు ఇసుక ఇంతింత జరుగుతున్నది.
గుడ్డ చేతుల వట్టుకొని
పాట అయ్యేదాక ఆగిన.