ఎడమ పక్క తలుపు

మా క్యాంపుల పాయఖానలు నాలుగు. మనుషులం అరవై ఇద్దరం.
ఈ లెక్క ఎందుకు చెప్తున్ననంటే
ఆ రాత్రి పోశెట్టన్నకు ఒకటి కావాలె,
పొద్దు పొడిచేదాక, ఒక్కనికే.

ఏడాదిసంది నెత్తురు పడుతున్నదట.
మొలలనుకున్నడు. కారం బందు వెట్టిండు,
మెంతులు నానబెట్టి మింగిండు,
మలయాళీ మందుల దుకాణంల మలాం కొన్నడు.
బెల్టుకు మొల తోటే మూడు కొత్త బొక్కలు కొట్టుకున్నడు
మాకు కనవడకుంట.

స్కాఫోల్డింగ్ మీద ఇనుము కడుతుంటే
కండ్లు తిరిగి కూలవడ్డనాడు
సోహార్ దవాఖానల డాక్టరమ్మ కాగితం చూసి
"ఒంట్లె రక్తం సగమే ఉన్నది," అన్నది.
"కడమ సగం ఎటు పోతున్నది?"

నర్సు హిందీల అడుగుతది. నేను తెలుగు చెయ్యాలె.
నోరు రాలె.
మన దిక్కు ఆ పనికి ముఖం మీద అనే మాటుండదు,
బయటికి పోయిండు అంటం.
దేశం దాటినోన్ని గూడ గట్లనే అంటం.
"అన్నా, బయటికి పోతే నెత్తురు పోతున్నదా?"
పోశెట్టి నా దిక్కు చూసిండు.
"ఏ బయటికి రా?
వచ్చి పదిహేడేండ్లాయె, పోతనే ఉన్నది గద."
ఇద్దరం నవ్వినం. నర్సుకు సమజ్ గాలె.

నాలుగు లీటర్ల ఉప్పునిమ్మ నీళ్లు, పావుగంటకో గిలాస.
కెమెరా పోవాలంటే పేగు కడిగిన పళ్లెం లెక్కుండాలెనట.
ఎడమ పక్క తలుపుకు అట్టముక్క కట్టినం,
తెలుగుల, హిందీల, బంగ్లాల:
పోశెట్టిది. పొద్దుగాల దాక.
రఫీకుల్ తన సొంత బకెట్ తెచ్చి లోపల వెట్టిండు.
మూడు గంటలకు డ్యూటీకి లేచినోళ్లు
మూడు తలుపుల ముంగటే వరుస కట్టిన్రు.
ఒక్కడు గూడ నాలుగోది తట్టలె.

ఎడమ దిక్కు, పేగు మలుపు కాడ,
గోబిపువ్వు లెక్క.
ఫోటో చూపింది డాక్టరమ్మ.
దానికి తెలుగు అవసరం రాలె.

కంపెనీ కాగితాలకు పదకొండు రోజులు.
మస్కట్‌ల కోసిన్రు. జానెడు పేగు తీసి
కడుపు మీద చిన్న నోరు వెట్టిన్రు,
సంచి తగిలించిన్రు. కొన్నాళ్లకేనన్నరు.
అందరం అన్నం తినేటప్పుడే అది సప్పుడు చేస్తది.
ముందుగాల్ల దగ్గిండు, అది ఇనవడకుంట.
అటెన్క దగ్గుడు ఇడిచిండు.
"దానికి లేని సిగ్గు నాకెందుకు, పప్పెయ్ రా."

పదిహేను రోజులకొకపారి మందు.
బయట నలభై ఆరు డిగ్రీలు,
ఈయనకు సల్లనీళ్లు ముడితే వేళ్లల్ల సూదులు.
ఫ్రిజ్ తలుపు మేమే తీస్తం.
మందెక్కిన రెండు రాత్రులు ఏసీ బందు,
ఎన్మిది మందిమి తడి తువ్వాలలు కప్పుకొని
గోడలు ఉడుకుతుంటే ఇంటం.
వెంకటి ఒక్కడే గొణిగిండు.
మూడో మందునాడు రిమోట్ దాచింది గూడ వాడే.

బాగైతదా అని అడిగిన.
ఐదేండ్లు చూడాలె, అన్నది డాక్టరమ్మ.
వీసా రెండేండ్లది.

అట్టముక్క ఇంకా యేలాడుతున్నది,
ఎండకు అక్షరాలు పోయినయి.
ఒకరికొకరం చెప్పుకోం గని
మా గదిల అందరం ఇప్పుడు
నీళ్లు కొట్టే ముందు
ఒకపారి వంగి చూస్తం.