మోకాలికి ఐసు

పంటు మీద తెలిసిందండి,
సఖినేటిపల్లి రేవు ఇంకా అల్లంత దూరాన ఉండగానే.
టిక్కెట్లు చింపే కుర్రాడు చిల్లర ఇస్తూ అన్నాడు,
"మీ యేసురత్నం మాస్టార్ని తీసేశారంటగా."
మీ, అన్నాడు.
మొన్న గెలిచినప్పుడు మన, అన్నాడు.

ఆరు మ్యాచీలయ్యాయి, ఇంకా అయిదున్నాయి.
నాలుగు పోయాయి, నిజమే.
పెనుగొండలో పోయింది, ఆచంటలో పోయింది,
మొగల్తూరులో అయితే మూడో సెట్టు
ఇరవై మూడు, ఇరవై మూడు దాకా వచ్చి మరీ పోయింది.
లోవరాజు కొట్టిన బంతి నెట్టు అంచు మీద కూర్చుని
ఎటు దిగుదామా అని కాసేపు ఆలోచించి
మన వైపే దిగింది.
దానికి మాస్టారేం చేస్తాడండీ?

ఈ మాట ఇవాళ అడుగుతున్నాను.
ఆ రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద, దీపం పురుగుల మధ్య
"మార్చండ్రా ఆ ముసలోణ్ణి" అని లేచిన గొంతుల్లో
ఒకటి నాది.

పదిహేనేళ్లుగా అరుస్తున్నానండి.
రెఫరీని కళ్లద్దాలు మార్చుకోమన్నాను,
మ్యాచి మధ్యలో కరెంటు తీసే లైన్‌మేన్ని మార్చమన్నాను.
ఒక్కటీ మారలేదు.
విన్నవాళ్లు ఇదొక్కటే విన్నారు.

మేత డీలరు రాజుగారు జట్టుకి చొక్కాలు కుట్టించారు,
వీపు మీద రొయ్య బొమ్మతో సహా.
ఆయన చెరువులో రొయ్య పైకి తేలితే
తెల్లారేసరికి టెక్నీషియన్ మారిపోతాడు.
ఇదీ చెరువే అనుకున్నారు కాబోలు.
మా నాన్న అనేవాడు,
చేను పొట్ట మీదున్నప్పుడు కౌలుదార్ని మార్చకూడదురా,
ఏ మడి ముందు ఎండుతుందో
వాడి అరికాలికి తెలుసు, కాయితానికి తెలీదు, అని.

కొత్తాయన ప్రణీత్ సారు, రాజమండ్రి నుంచి.
మంచివాడేనండి, అబద్ధం ఎందుకు.
కుర్రాళ్లని మీరు అంటాడు.
అబ్బులు బంతి ఎంత ఎత్తు లేపాలో
ట్యాబులో చూసి సెంటీమీటర్లలో చెబుతాడు.
అదే ఎత్తుని మాస్టారు
"రెండో గెల అందేంత లేపరా" అనేవాడు.
బంతి అప్పుడూ అక్కడికే వెళ్లేది.

రాజోలులో గెలిచాం. రెండు సెట్లలోనే.
పెదాలు వాచేలా ఈల వేశాను, దాచనేల.
మధ్యలో ఎందుకో బెంచీ చివరికి చూశాను.
ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో
ఎవరో మంచినీళ్ల క్యాను పెట్టారు.

నేను చేసేది ఐసు ఫ్యాక్టరీలోనండి.
మ్యాచి ఉన్న రోజు తెల్లారగట్ల,
చేపల పెట్టెల వాళ్లకంటే ముందు,
మాస్టారి మోపెడ్ వచ్చేది.
బియ్యం సంచి తెరిచి పట్టుకుని, "మోకాలికి" అనేవాడు,
అంతే, ఎవరి మోకాలని చెప్పేవాడు కాదు.
డబ్బులొద్దంటే వినడు,
పది రూపాయల బిళ్ల దిమ్మ మీద పెట్టి పోయేవాడు.
ప్రణీత్ సారు దగ్గర స్ప్రే ఉంది. ఐసుతో పని లేదు.

మొన్న శనివారం మళ్లీ మోపెడ్ చప్పుడు.
నేను తల ఎత్తలేదు, దిమ్మ కొడుతూనే ఉన్నాను.
"ఇవాళ మీకు మ్యాచి లేదుగా మాస్టారూ" అన్నాను.
మీకు, అన్నాను నేను కూడా.
"అబ్బులుకి ఎడమ మోకాలు నీరు పట్టిందయ్యా.
స్ప్రే పైపైనే. లోపలికి దిగదు."
సంచి నింపాను, మామూలు కంటే ఎక్కువే.
మూతి ముడేస్తూ అడిగాడు,
"గొంతెలా ఉంది?
మొగల్తూరులో బాగా బొంగురుపోయిందిగా."

మోపెడ్ గేటు దాటేదాకా
దారంతా చుక్కలు చుక్కలుగా నీళ్లు.
బిళ్ల దిమ్మకి అంటుకుపోయింది,
గోరుతో లాగితే రాలేదు.

ఇవాళ ఎనిమిదింటికి పాలకొల్లు మీద మ్యాచి.
వెళ్తానండి.
వెళ్లకుండా ఎలాగ.