శేషం ఆరు

మారతహళ్లిలో మా మూడో అంతస్తు ఫ్లాటుకి
ట్యాంకరు నీళ్ల వంతు నెలకి వెయ్యి.
ఒకటో తారీకు పొద్దున్నే ఓనరమ్మ
"సావిర కొడి" అంటూ తలుపు కొట్టేది.

మేం ఏడుగురం. మంచాలు ఆరు.
ఏడోవాణ్ణి నేను.
నైట్ షిఫ్టుకి పోయిన కృపావరం పక్క మీద
వాడి వెచ్చదనం ఆరకముందే ఒరిగేవాణ్ణి.

తలా నూట నలభై రెండు. మిగిలేది ఆరు.
ఆ ఆరు రూపాయలూ వాడే వేసేవాడు,
"రుణశేషం ఉంచకూడదురా" అంటూ.

బెళ్లందూరు ఇంటర్వ్యూలో అడిగారట:
ఒకటిని పదిహేడుతో భాగిస్తే
తిరిగి తిరిగి వచ్చే అంకెలేవో
ప్రోగ్రాం రాసి పట్టుకోమని.
సున్నా, ఐదు, ఎనిమిది, ఎనిమిది...
ఒకే అంకె రెండోసారి కనబడగానే
"ఇదిగో దొంగ" అన్నాడు వీడు.
దొంగ కాదు,
అదే రంగు చొక్కా వేసుకున్న ఇంకోడు.
బస్సెక్కి తిరిగొచ్చాడు.

ఆ రాత్రి షిఫ్టు ఎగ్గొట్టాడు. నేను కింద చాప మీద.
నీళ్ల రసీదు వెనక
వెయ్యిని ఏడుతో భాగించడం మొదలెట్టాడు.
"పైన రాసేది కాదు, కింద మిగిలేది చూడాలి"
అన్నాడు, నాతో కాదు, పెన్నుతో.

ఆరు మిగిలింది. పక్కన సున్నా పెట్టి మళ్లీ.
నాలుగు. ఐదు. ఒకటి. మూడు. రెండు.
వచ్చిన ప్రతి శేషానికీ పేరూ, వరుస నంబరూ,
అచ్చం మా వాచ్‌మన్ బోరేగౌడ రిజిస్టరులా.
సున్నా వచ్చుంటే కథ కంచికే. రాలేదు.
"శేషాలకీ మంచాలు ఆరేరా,
ఏడోది ఎవడో ఒకడి పక్క మీదికి రాక తప్పదు"
అని నా వంక చూసి నవ్వాడు.

ఏడోసారి తలుపు కొట్టింది ఆరే.
రిజిస్టరులో దాని పాత వరుస వెతికి
అక్కడ బ్రాకెట్టు తెరిచి, ఇక్కడ మూశాడు:
ఎనిమిది ఐదు ఏడు ఒకటి నాలుగు రెండు.

పదిహేడుకి కోడు సరిగ్గా పరిగెత్తేసరికి
కింద పాలప్యాకెట్ల ట్రేలు దించుతున్నారు.
పదహారు అంకెలు. చదివి వినిపించాడు. నిద్రలో ఊఁ కొట్టాను.

ఉద్యోగం వచ్చింది, ఆ కంపెనీలో కాదు.
హెబ్బాళ వైపు గది చూసుకున్నాడు.

ఇప్పుడు ఆరుగురం, ఆరు మంచాలు.
తలా నూట అరవై ఆరు. మిగిలేది నాలుగు.
పక్కన సున్నా పెట్టి భాగించాను,
నాలుగు. మళ్లీ నాలుగు.
రిజిస్టరు కూడా అక్కర్లేదు.

ఆ నాలుగు రూపాయలు ఎవరు వేయాలో తేలక
ఓనరమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.